కర్నెల్ వేసే కర్చీఫ్

మొన్న సెమిస్టర్‌లో ఓఎస్ ల్యాబ్ రికార్డు ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి, పదకొండున్నరకి, నా లాప్‌టాప్ నాతో అబద్ధమాడింది. కనీసం అప్పుడు అలాగే అనిపించింది. ఫైల్ సేవ్ చేయబోతే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంది. వెంటనే 'డీఎఫ్' కమాండ్ కొట్టి చూశా. 14 జీబీ ఖాళీ ఉందంటోంది. నేను సేవ్ చేయాల్సిన ఫైలేమో 40 కేబీ కూడా లేదు. "ఒరేయ్, అందరిలా విండోస్ వాడుకుని ఉంటే ఈ గోల ఉండేదా" అని మా రూమ్మేట్ ఒక డైలాగ్ వేసి అటు తిరిగి పడుకున్నాడు. ఎలాగోలా పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేసి, పొద్దున్నే ప్రింట్ తీయించి గట్టెక్కా.

సెలవుల్లో ఆ అబద్ధం సంగతి తేలుద్దామని కూర్చున్నా. వెతుకుతూ వెతుకుతూ లినక్స్ కర్నెల్ కోడ్ దాకా వెళ్ళిపోయా. అక్కడ ఒక చిన్న ఫంక్షన్ కథ దొరికింది. 2021లో దాన్ని తీసేశారు. రాసిన కోడ్ గురించి అందరూ చెబుతారు, తీసేసిన కోడ్ గురించి ఎవరూ చెప్పరు కదా, అందుకే ఈ వ్యాసం. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. టెక్నికల్ మాటలకి తెలుగు కనిపెట్టే సాహసం చేయలేదు, మనం క్లాసులో ఎలా అంటామో అలాగే రాశా. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతుందని ధైర్యం.

నా లాప్‌టాప్‌లో ఉన్న ఫైల్‌సిస్టమ్ పేరు బీటీఆర్‌ఎఫ్‌ఎస్. కొందరు 'బటర్ ఎఫ్‌ఎస్' అంటారు, కొందరు 'బెటర్ ఎఫ్‌ఎస్' అంటారు. 2007లో ఒరాకిల్‌లో పనిచేస్తున్నప్పుడు క్రిస్ మేసన్ మొదలుపెట్టాడు, 2009లో లినక్స్ కర్నెల్‌లోకి వచ్చింది. ఫెడోరా డెస్క్‌టాప్‌లో 2020 నుంచి ఇదే డీఫాల్ట్.

ముందు ఒక చిన్న విషయం. మనం సేవ్ నొక్కగానే డేటా డిస్క్ మీదకి వెళ్ళిపోయిందనుకుంటాం. వెళ్ళదు. ర్యామ్‌లో పేజ్ క్యాష్ అనే చోట ఆగుతుంది. కర్నెల్ మాత్రం ప్రోగ్రామ్‌తో 'అయిపోయింది, నువ్వెళ్ళు' అని చెప్పేస్తుంది. డిస్క్ మీద అసలు రాత తర్వాత తీరిగ్గా జరుగుతుంది. ఇలా చేయకపోతే మన కంప్యూటర్లు నత్తల్లా ఉంటాయి. కానీ ఇందులో ఒక చిక్కుంది. తీరిగ్గా రాయబోయేసరికి డిస్క్‌లో చోటు లేదని తేలితే? ఆ సంగతి ఎవరికి చెప్పాలి? అడిగిన ప్రోగ్రామ్ ఈపాటికి మూసేసి ఉంటారు. ఇచ్చిన మాట తప్పినట్టే, డేటా పోయినట్టే.

అందుకే 'అయిపోయింది' అని చెప్పకముందే కర్నెల్ చోటు ఆపి పెట్టుకోవాలి. దీన్నే స్పేస్ రిజర్వేషన్ అంటారు.

దసరా సెలవులకి ఊరెళ్ళేటప్పుడు మనం చేసేది కూడా ఇదే. బస్సు ఇంకా ప్లాట్‌ఫామ్ మీద పూర్తిగా ఆగదు, కిటికీలోంచి కర్చీఫ్ విసిరేస్తాం. సీట్లో ఎవరూ లేరు, కానీ సీటు ఖాళీ కాదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కోడ్‌లో సరిగ్గా ఈ లెక్క కోసమే ఒక ఫీల్డ్ ఉంది, పేరు 'బైట్స్ మే యూజ్'. అంటే వాడుకోవచ్చు, వాడుకోకపోనూవచ్చు. నిజంగా మనుషులు కూర్చున్న సీట్ల లెక్క 'బైట్స్ యూజ్డ్', అది వేరే.

సరే, ఎన్ని సీట్లకి కర్చీఫ్ వేయాలి? తమాషా అంతా ఇక్కడే ఉంది.

ఈ ఫైల్‌సిస్టమ్ ఉన్నదాని మీద దిద్దదు. కాపీ ఆన్ రైట్ పద్ధతి. ఫైళ్ళ వివరాలన్నీ, అంటే మెటాడేటా అంతా, ఒక బీ-ట్రీలో ఉంటుంది. ఆ ట్రీలో ఒక ఆకుని మార్చాలంటే కొత్త చోట కొత్త ఆకు రాయాలి. ఆకు అడ్రస్ మారింది కాబట్టి దాని పేరెంట్‌ని కూడా కొత్తగా రాయాలి. అలా రూట్ దాకా. మధ్యలో ఏ నోడ్ అయినా నిండిపోయి ఉంటే రెండుగా చీలుతుంది కూడా. డేటా స్ట్రక్చర్స్‌లో మనం బోర్డు మీద వేసిన ఇన్సర్షనే, కాకపోతే డిస్క్ మీద. రిజర్వ్ చేసే టైమ్‌కి ఎన్ని నోడ్‌లు చీలతాయో ఎవరికీ తెలీదు. అందుకని కర్నెల్ ఘోరమైన పరిస్థితినే ఊహించుకుంటుంది. ట్రీకి గరిష్ఠంగా 8 లెవెల్స్, ప్రతి లెవెల్‌లోనూ చీలిక, కాబట్టి ఇంటూ 2. ఒక్కో నోడ్ మామూలుగా 16 కేబీ. గుణిస్తే 256 కేబీ. ట్రీలో ఒక్క ఐటెమ్ చేర్చడానికి 256 కేబీ ఆపి పెడుతుందన్నమాట. నిజానికి మన లాప్‌టాప్‌లలో ట్రీ ఎత్తు రెండు మూడు లెవెల్స్‌కి మించదు. ఊరి నుంచి ఎవరెవరు వస్తున్నారో తెలీని మా పెద్దమ్మ ఒక్కతే వెళ్ళి పదహారు సీట్లకి తువ్వాళ్ళు, సంచులు, చివరికి చెప్పులు కూడా వేసినట్టు. పని అయ్యాక మిగిలినవన్నీ తీసేస్తుందనుకోండి, కానీ అప్పటిదాకా బస్సు నిండినట్టే కనిపిస్తుంది.

ఎలాగూ చాలావరకు కర్చీఫ్‌లు వెనక్కి వచ్చేస్తాయని కర్నెల్‌కి కూడా తెలుసు. అందుకే డిస్క్‌లో ఇంకా దేనికీ కేటాయించని చోటు ఉంటే సీట్ల కంటే ఎక్కువ కర్చీఫ్‌లు వేయనిస్తుంది. దీన్ని ఓవర్‌కమిట్ అంటారు. అదీ దాటిపోతే అప్పుడు ఖాళీ చేయించే పని మొదలవుతుంది.

ఖాళీ చేయించడం ఒక మెట్ల వరుస లాంటిది. వాయిదా వేసిన చిన్న చిన్న మార్పులుంటే ముందు వాటిని పూర్తి చేయి. పేజ్ క్యాష్‌లో ఆగిన డేటా ఉంటే డిస్క్‌కి పంపు, పంపితే దాని తాలూకు కర్చీఫ్‌లు లేస్తాయి. కొత్త చంక్ దొరుకుతుందేమో చూడు. తర్వాతి మెట్టుకి వెళ్ళేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. అన్నిటికంటే చివరిది, అన్నిటికంటే బరువైనది, ట్రాన్సాక్షన్ కమిట్. అంటే ఇప్పటిదాకా జరిగిన మార్పులన్నీ డిస్క్ మీద పక్కాగా రాసేసి, చివర్లో సూపర్‌బ్లాక్ మార్చడం. మామూలుగా అయితే ఇది 30 సెకన్లకోసారి దానంతట అదే జరుగుతుంది.

కమిట్ చేస్తే చోటెందుకు దొరుకుతుందంటారా? పాత కాపీల వల్ల. కొత్త ఆకు రాశాక పాత ఆకుతో పనిలేదు, కానీ కమిట్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఈ మధ్యలో కరెంటు పోతే మళ్ళీ ఆ పాత ట్రీయే గతి. కాబట్టి అవన్నీ 'పిన్డ్' అని గుర్తు పెట్టి అలాగే ఉంచుతారు. మన బస్సులో చెప్పాలంటే, దిగాల్సినవాళ్ళు రెడీగా ఉన్నారు కానీ బస్సు ఇంకా స్టాప్‌లో ఆగలేదు. ఆగితేనే ఆ సీటు ఇంకొకరికి ఇవ్వగలం. కమిట్ అంటే బస్సు ఆపడం.

ఇప్పుడు మన ఫంక్షన్ దగ్గరికొద్దాం. పేరు 'మే కమిట్ ట్రాన్సాక్షన్'. పేరులోనే అనుమానం ఉంది చూడండి, కమిట్ చేయొచ్చు, చేయకపోవచ్చు.

ఇది ఎందుకు పుట్టిందంటే, పాత రోజుల్లో చోటు దొరకని ప్రతివాడూ ఆ మెట్లన్నీ సొంతంగా ఎక్కేవాడు. డిస్క్ నిజంగానే నిండిపోయిందనుకోండి, 1000 పనులు చోటు అడుగుతున్నాయనుకోండి. మొదటివాడు అన్ని మెట్లూ ఎక్కి, చివర్లో కమిట్ చేసి, అయినా చోటు దొరక్క 'నో స్పేస్' తీసుకుని వెళ్ళేవాడు. రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే. 1000 సార్లు బస్సు ఆపడం, ఒక్క సీటూ దొరకకపోవడం. మెషీన్ కదిలేది కాదు.

దానికి కట్టిన గండే ఈ ఫంక్షన్. కమిట్ చేసే ముందు లెక్కేస్తుంది, 'ఇప్పుడు కమిట్ చేస్తే మనకి కావాల్సినంత చోటు వస్తుందా?' అని. రాదని తేలితే కమిట్ మానేసి నేరుగా 'నో స్పేస్' చెప్పేస్తుంది. స్టాప్ వచ్చేముందు కండక్టర్ బస్సంతా చూసి 'ఇక్కడ దిగేవాళ్ళు ఎంతమంది' అని లెక్కపెట్టి, చాలరనుకుంటే బెల్ కొట్టకుండా పోనిచ్చినట్టు. తెలివైన ఐడియానే, ఆ రోజుకి.

గొడవంతా ఆ లెక్కతో. కమిట్ వల్ల ఖాళీ అయ్యేవి పిన్డ్ బైట్స్ మాత్రమే అయితే సమస్య లేదు. కానీ వాయిదా పడ్డ మార్పుల కోసం ఆపిన రిజర్వ్ ఒకటి ఉంది, కమిట్‌తో అదీ తగ్గుతుంది. ఎక్స్‌టెంట్ రిఫరెన్సుల మార్పుల కోసం ఆపిన రిజర్వ్ ఇంకొకటి. నడుస్తున్న ట్రాన్సాక్షన్ దగ్గర ఉన్న రిజర్వ్ మరొకటి. ఈ ట్రాన్సాక్షన్‌లో పూర్తిగా ఖాళీ అయిపోయి విడుదల కాబోతున్న బ్లాక్ గ్రూపులుంటే అది వేరే సంగతి. ఫైల్‌సిస్టమ్‌లో ఎవరైనా కొత్త రకం రిజర్వ్ పెట్టినప్పుడల్లా, ఎక్కడో మూలనున్న ఈ ఫంక్షన్‌కి కూడా ఆ సంగతి చెప్పాలి. మర్చిపోతే? ఏళ్ళ తరబడి మర్చిపోతూనే ఉన్నారు. ఒక్కో బగ్ బయటపడ్డప్పుడు ఒక్కో 'ఇఫ్' వచ్చి చేరింది. వెనక సీట్లో నిద్రపోతున్న తాతని, తల్లి ఒళ్ళో ఉన్న పిల్లాడిని కండక్టర్ లెక్కలో వదిలేస్తూనే ఉన్నాడు.

పైగా ఈ తప్పు రెండు వైపులా ఒకేలా ఉండదు, నాకు బాగా నచ్చిన పాయింట్ ఇదే. చోటు రాదు కానీ వస్తుందనుకుని కమిట్ చేస్తే పోయేది కొంచెం టైమ్. చోటు వస్తుంది కానీ రాదనుకుంటే, డిస్క్‌లో జాగా ఉండగానే ఎవడి ప్రోగ్రామో 'నో స్పేస్' అని ఆగిపోతుంది. నాలాంటివాడి ల్యాబ్ రికార్డయితే పెన్‌డ్రైవ్ ఉంది. ఒక డేటాబేస్ సర్వర్ అయితే? ఇంకా దారుణం, ట్రాన్సాక్షన్ మధ్యలో వెనక్కి వెళ్ళలేని చోట ఈ ఎర్రర్ తగిలితే ఆ ట్రాన్సాక్షన్‌ని అబార్ట్ చేసి ఫైల్‌సిస్టమ్ మొత్తాన్ని రీడ్ ఓన్లీ చేసేస్తారు. టైమ్ మిగల్చడానికి రాసిన ఫంక్షన్ చివరికి ఈ ఖరీదైన తప్పు వైపే ఒరిగింది.

2016లో లినక్స్ 4.8తో ఒక పెద్ద మార్పు వచ్చింది. జోసెఫ్ బాసిక్ అనే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డెవలపర్ టికెట్ల పద్ధతి తెచ్చాడు. చోటు దొరకనివాడు ఇక సొంతంగా మెట్లెక్కడు. 'నాకింత కావాలి' అని ఒక టికెట్ రాసి క్యూలో పెట్టి నిద్రపోతాడు. మెట్లెక్కే పని మామూలుగా వెనకాల ఒకే ఒక వర్కర్‌ది. చోటు దొరికినకొద్దీ క్యూలో ముందున్నవాడి నుంచి ఇచ్చుకుంటూ వస్తారు. అంతకుముందు ఇంకో అన్యాయం ఉండేది. ఒకడు కష్టపడి ఖాళీ చేయించేవాడు, ఈలోపు అప్పుడే వచ్చినవాడు ఆ చోటు కొట్టేసేవాడు. క్యూలో ఎవరైనా ఉంటే ఇప్పుడు కొత్తవాడు కూడా వెనకే నిలబడాలి.

క్యూ వల్ల ఇంకో లాభం ఉంది, నేను మొదటిసారి చదివినప్పుడు పట్టుకోలేకపోయా. వర్కర్ అన్ని మెట్లూ ఎక్కి ఒక చుట్టు పూర్తి చేశాక, టికెట్లు ఏమైనా తెగాయా లేదా అన్నది చూస్తే చాలు. తెగుతుంటే పని జరుగుతున్నట్టు. కొన్ని చుట్లు తిరిగినా ఒక్కటీ తెగకపోతే నిజంగానే చోటు లేనట్టు, అప్పుడు క్యూలో ఉన్నవాళ్ళకి 'నో స్పేస్' చెప్పి పంపేయడమే. ఊహించాల్సిన పనిలేదు. చేసి చూసి, ఫలితాన్ని బట్టి ఆగడం.

ఇప్పుడు మన 'మే కమిట్ ట్రాన్సాక్షన్' వైపు చూడండి. 1000 మంది వచ్చినా 1000 కమిట్లు జరగవు. నిద్రపోయే 1000 మంది, తిరిగే వర్కర్ ఒక్కడు, జరిగే కమిట్లు కొన్నే. ఏ జబ్బుకైతే ఈ మందు వేశారో ఆ జబ్బు 2016లోనే పోయింది. మందు మాత్రం ఇంకో ఐదేళ్ళు వాడుతూనే ఉన్నారు, సైడ్ ఎఫెక్టులతో సహా!

2021లో, లినక్స్ 5.14కి పంపిన ప్యాచ్‌లలో అదే డెవలపర్ దాన్ని తీసేశాడు. ఆ మెట్టులో ఇప్పుడు మిగిలింది ఇంతే: నడుస్తున్న ట్రాన్సాక్షన్‌లో చేరు, కమిట్ చేయి. లెక్క లేదు, అనుమానం లేదు. ఆ లెక్క కోసం మోసుకొస్తున్న పిన్డ్ బైట్స్ కౌంటర్ ఒకటి ఉండేది, అదే వరుసలో దాన్నీ తీసేశారు. ఒక్క ఫంక్షన్ పోతే దాన్ని నమ్ముకున్న చిన్నా చితకా కూడా వరుసగా పోవడం చూస్తుంటే భలే హాయిగా అనిపించింది. నాకొక్కడికేనేమో.

మరి ఆ రాత్రి నా లాప్‌టాప్‌కి ఈ బగ్గే వచ్చిందా? లేదు. నాది చాలా కొత్త కర్నెల్, తప్పు నాదే. ఈ ఫైల్‌సిస్టమ్ డిస్క్‌ని చంక్‌లుగా కోస్తుంది, కొన్ని డేటాకి, కొన్ని మెటాడేటాకి. ఓఎస్ ల్యాబ్ కోసం నేను వర్చువల్ మెషీన్లు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చంక్‌లన్నీ డేటాకే పోయేలా చేశా. డేటా చంక్‌ల లోపల 14 జీబీ ఖాళీ, మెటాడేటాకి మాత్రం కొత్త చంక్ కోయడానికి డిస్క్‌లో ముక్క లేదు. స్లీపర్ బోగీలో బెర్తులు ఖాళీగా ఉన్నా జనరల్ బోగీలో కాలు పెట్టే సందు లేనట్టు. కాబట్టి 'డీఎఫ్' చెప్పిందీ నిజమే, 'నో స్పేస్' అన్నదీ నిజమే. మీలో ఎవరైనా ఇదే వాడుతుంటే 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్' కమాండ్ కొట్టి 'డివైస్ అన్‌అలొకేటెడ్' అన్న లైన్ చూసుకోండి. అది సున్నాకి దగ్గరవుతుంటే, ఇంకా కాస్త చోటు ఉండగానే 'బ్యాలెన్స్' కమాండ్‌ని డేటా యూసేజ్ ఫిల్టర్‌తో నడిపితే సగం సగం నిండిన చంక్‌లు కలిసిపోయి ముక్కలు మిగులుతాయి. పూర్తిగా నిండేదాకా ఆగారో, ఆ బ్యాలెన్స్‌కి కూడా చోటు కావాలి. ఫైల్ డిలీట్ చేయడానికి కూడా కావాలి, కాపీ ఆన్ రైట్ కదా! ఇలాంటి ఆపదల కోసమే గరిష్ఠంగా 512 ఎంబీ దాకా 'గ్లోబల్ రిజర్వ్' అని పక్కన దాచి పెడుతుంది.

ఇదంతా చదివాక నాకు చేతులు దురద పెట్టాయి. మా ల్యాబ్ ప్రాజెక్ట్‌లో మెమరీ అలొకేటర్ సిమ్యులేషన్ ఒకటుంది. అందులో నేను రాసిన 'సరిపోతుందా' అనే ఫంక్షన్ ఉంది. ఖాళీలన్నీ కలిపితే అడిగిన సైజు దొరుకుతుందో లేదో ముందే లెక్కేసి, దొరకదంటే అక్కడే ఆపేస్తుంది. నాలుగు 'ఇఫ్'లు, మూడు కామెంట్లు. అచ్చం మన కథలోదే! ఆవేశంగా తీసేశా. నేరుగా ఖాళీలు కలుపు, మళ్ళీ ప్రయత్నించు, అంతే. కోడ్ ముప్పై లైన్లు తగ్గింది. ఆరు టెస్ట్ ఇన్‌పుట్‌లలో ఐదు పాసయ్యాయి. ఆరోది రన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆరో ఇన్‌పుట్‌లో మెమరీ నిజంగానే నిండిపోతుంది. నా కోడ్ కలుపుతుంది, ప్రయత్నిస్తుంది, దొరకదు, మళ్ళీ కలుపుతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది. పని జరుగుతోందా లేదా అని చూసేవాడు నా కోడ్‌లో లేడు. కర్నెల్‌వాళ్ళు టికెట్లు వచ్చాక తీశారు. నేను టికెట్లు లేకుండానే తీసేశా. ఆ వికారంగా ఉన్న ఫంక్షనే ఇన్నాళ్ళూ నా లూప్‌ని ఆపుతోందని దాన్ని తీసేస్తే గానీ తెలియలేదు. ఒక చుట్టులో ఏ ఖాళీ సైజూ మారకపోతే ఆగిపో అని ఒక చిన్న చెక్ పెట్టాక ఆరోది కూడా పాసయింది.

వైవాలో మేడమ్ పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కన పెట్టించి చూశారు. "బాగుంది. కానీ ఈ సరిపోతుందా ఫంక్షన్ అసలు మొదట్లో ఎందుకు రాశావు?" అని అడిగారు. గుర్తు రాలేదు. గిట్‌లో ఉంటుంది మేడమ్ అని ధైర్యంగా లాగ్ ఓపెన్ చేశా. ఆ ఫంక్షన్ చేర్చిన రోజు కమిట్ మెసేజ్‌లో నేను రాసుకున్నది ఒకటే ముక్క, 'ఫైనల్ ఫిక్స్ 2'.